‘అయితే’ ఆపరేటర్ అడిగారు, ఇవ్వలేదు: ఒక కేస్ స్టడీ

ఒక సోమవారం పొద్దున మా సాఫ్ట్‌వేర్, ఒక్కరి పేరు మీదే ఖాతా ఉన్నవాళ్లను రెండో సంతకం ఏదని అడగడం మొదలుపెట్టింది. ఉన్నదే ఒక మనిషి, రెండో సంతకం ఎవరు పెట్టాలి? బ్రాంచి నుంచి ఫోన్ చేసినాయన అడిగింది కూడా అదే, కాస్త ఘాటుగా.

మేము ఒక ఆర్థిక సంస్థకు లోన్ దరఖాస్తులు సరిచూసే సాఫ్ట్‌వేర్ నడుపుతాం. దరఖాస్తు ఎలా ఉండాలో చెప్పే నియమాలను జావాలో రాయం. దానికి మేమే కట్టుకున్న ఓ చిన్న భాష ఉంది. నియమాలు రాసేది ఎనలిస్టులు, ప్రోగ్రామర్లు కాదు. భాషలో && (మరియు), || (లేదా), ! (కాదు) ఉంటాయి, పోలికలు ఉంటాయి, జాబితాల మీద పనిచేసే ‘అన్నీ’, ‘ఏదైనా’ అనే రెండు ఫంక్షన్లు ఉంటాయి. అంతే. నియమం నిజమని తేలితే దరఖాస్తు ముందుకు, అబద్ధమని తేలితే వెనక్కి. ఆ భాషకు పార్సర్ (రాసిన నియమాన్ని చదివి విడదీసే ప్రోగ్రామ్) రాసింది, ఇప్పటికీ చూసుకుంటున్నది నేను. అసలు నియమాల్లో పేర్లన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను.

పాత నియమం ఇది. ఉమ్మడి ఖాతా అయితే రెండో సంతకం ఉండాలి.

!ఉమ్మడి || రెండో_సంతకం

‘అయితే’కు మా భాషలో ఏమీ లేదు కాబట్టి అందరూ చేసేదే మేమూ చేశాం: మొదటిదాన్ని తిప్పి, మధ్యలో ‘లేదా’ పెట్టాం. ఉమ్మడి ఖాతా కాకపోవాలి, లేదా సంతకం ఉండాలి. తర్కం ప్రకారం రెండూ ఒకటే. ఆ తర్వాత మార్పు వచ్చింది. ఉమ్మడి ఖాతా అయినా 5 లక్షలు దాటిన లోన్లకే రెండో సంతకం చాలన్నారు. కొత్తగా చేరిన కుర్రాడు ఇలా రాశాడు:

!ఉమ్మడి && పెద్ద_మొత్తం || రెండో_సంతకం

రాయాల్సింది !(ఉమ్మడి && పెద్ద_మొత్తం) || రెండో_సంతకం. బ్రాకెట్ పోయింది, దాంతో అర్థమూ పోయింది. ఒక్కరి ఖాతా, చిన్న మొత్తం, రెండో సంతకం లేదు అనుకోండి. !ఉమ్మడి నిజమే గానీ పెద్ద_మొత్తం అబద్ధం, కాబట్టి ఎడమవైపు అబద్ధం. కుడివైపు ఎలాగూ అబద్ధమే. దరఖాస్తు వెనక్కి. టెస్టులు మాత్రం అన్నీ పాసయ్యాయి. ఎందుకంటే కుర్రాడు శ్రద్ధగా 5 లక్షలు దాటిన కేసులకే టెస్టులు రాశాడు, అక్కడ ఆ నియమం బాగానే పనిచేస్తుంది. నియమం ఎవరికి సంబంధించినది కాదో వాళ్లకు టెస్టు రాయాలని ఎవరికీ తోచలేదు. సమీక్షలో సరే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మధ్యాహ్నానికి సరిచేశాం. సాయంత్రం మా సీనియర్ ఎనలిస్టు మేడమ్ నా సీటు దగ్గరికొచ్చారు. “బ్రాకెట్ మర్చిపోయాడని వాణ్ణి అనకండి. మనం అనుకునేది ‘అయితే’. రాయనిచ్చేది ‘లేదా’. ‘అయితే’ అనే గుర్తు ఒకటి పెట్టండి, గొడవ వదిలిపోతుంది” అన్నారు.

న్యాయమైన కోరికే. పార్సర్‌లో అరపూట పని. నిజం చెప్పాలంటే ఆ రాత్రే ఇంటి దగ్గర రాసేశాను కూడా. తెల్లారి కలపబోతూ ఆగాను.

ఆగడానికి కారణం సీ భాష. బీ అనే పాత భాష నుంచి సీ పుట్టే రోజుల్లో && ఉండేది కాదు. షరతుల్లో కూడా, బిట్లను కలిపే & నే వాడేవారు. తర్వాత సీ ని తయారుచేసిన డెన్నిస్ రిచీ && ను, || ను విడిగా చేర్చారు. అప్పుడు & స్థానాన్ని, అంటే ఏది ముందు లెక్కకు రావాలన్న వరసలో దాని చోటును, == (సమానమా అని పోల్చే గుర్తు) కన్నా పైకి జరపాల్సింది. జరపలేదు. అప్పటికే రాసిన కోడ్ పాడవుతుందని భయపడ్డారు. ఆ కోడ్ ఎంతో 1982లో ఆయనే చెప్పుకున్నారు: కొన్ని వందల కిలోబైట్లు, వాడే చోట్లు బహుశా మూడు. ఆ మూడు చోట్ల కోసం వదిలేసిన వరస తర్వాత సీ నుంచి సీ++ కి, జావాకి, జావాస్క్రిప్ట్‌కి వెళ్లింది. ఫ్లాగ్‌ను & తో మాస్క్ చేసి (కావలసిన బిట్లనే ఉంచి) == తో పోల్చేటప్పుడు బ్రాకెట్ పెట్టకపోతే సీ లో ఈనాటికీ తప్పు జవాబే వస్తుంది. మా భాషను వాడేది కూడా ఒక్క సంస్థే. అయినా ఒకసారి చేర్చిన ఆపరేటర్‌ను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ కథ చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకని ముందు, ‘అయితే’ను ఎవరెవరు పెట్టుకున్నారో చూశాను. స్కూల్ ల్యాబుల్లో జీడబ్ల్యూ బేసిక్ నేర్చుకున్నవాళ్లకు తెలియకుండానే అది పరిచయం. అందులో ‘ఇంప్’ అని ఓ ఆపరేటర్ ఉంది, సరిగ్గా ఇదే పని. నేనైతే దాన్ని వాడినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. విజువల్ బేసిక్ 6 దాకా అది వచ్చింది, డాట్‌నెట్‌కు మారేటప్పుడు మైక్రోసాఫ్ట్ దాన్నీ, దాని తోడుగా ఉండి రెండూ ఒకటేనా అని చూసే ‘ఈక్వ్’నూ తీసేసింది. (అదే సమయంలో ఇంకో పని చేయబోయి వెనక్కి తగ్గారు. మొదటి బీటాలో ‘యాండ్’, ‘ఆర్’ల నడకనే మార్చి షార్ట్ సర్క్యూట్ చేశారు, అంటే ఎడమవైపుతోనే జవాబు తేలితే కుడివైపు చూడనే చూడవు. పాత వాడుకరులు గోల పెడితే రెండో బీటాలో పాతవాటిని యథాస్థానంలో పెట్టి, ‘యాండ్‌ఆల్సో’, ‘ఆర్‌ఎల్స్’ అని రెండు కొత్తవి తెచ్చారు.) మరోవైపు ఐఫెల్ అనే భాషలో ‘ఇంప్లైస్’ ఉంది, అక్కడ జనం దాన్ని నిజంగానే వాడతారు. కారణం, ఐఫెల్ కాంట్రాక్టుల భాష. ఇది పిలవాలంటే అది నిజమై ఉండాలి అని రాసుకునేచోట ‘అయితే’ అడుగడుగునా తగులుతుంది. డాఫ్నీ అనే ఇంకో భాషలో ==> ఉన్నదీ అందుకే. పైథాన్‌లో అయితే రెండు బూలియన్ల (నిజం, అబద్ధం విలువల) మధ్య <= పెడితే చాలు, ఇంప్లికేషన్, అంటే మన ‘అయితే’, వచ్చేస్తుంది, అబద్ధం 0, నిజం 1 కాబట్టి. చూడ్డానికి మాత్రం బాణం వెనక్కి తిరిగి ఉంటుంది. దీన్ని సరదాకి కూడా వాడకండి.

మా నియమాలు కాంట్రాక్టుల లాంటివే. ఆ లెక్కన మేడమ్ వైపే తూగుతోంది. గుర్తు ఏదన్నదే తేలాలి. నేను => అనుకున్నాను. కానీ “మొత్తం >= 500000 => సంతకం” అని తెర మీద చూడగానే, పక్కనే కూర్చున్నతను “ఇందులో ఏది గ్రేటర్ దాన్, ఏది బాణం?” అన్నాడు. సరే, గుర్తు వద్దు, ‘ఇంప్లైస్’ అని మాటే పెడదామనుకున్నాం.

తర్వాత చేసిన పని ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా ఉపయోగపడింది. కొత్త ఆపరేటర్‌తో ఐదు నియమాలు కాగితం మీద ప్రింట్ తీసి, నలుగురు ఎనలిస్టులకిచ్చి, తెలుగులో చదివి చెప్పమన్నాను. ఒకే ఒక్క ‘ఇంప్లైస్’ ఉన్న నియమాలు అందరూ సరిగ్గానే చదివారు. రెండున్నది వచ్చేసరికి చిక్కొచ్చింది.

స్వయం_ఉపాధి ఇంప్లైస్ జీఎస్టీ_నమోదు ఇంప్లైస్ రిటర్నులు_జత

తర్కశాస్త్రంలో ఆనవాయితీ ప్రకారం ఇది కుడివైపు నుంచి కట్టుకుంటుంది. స్వయం ఉపాధి వ్యక్తి అయి, జీఎస్టీ నమోదు కూడా ఉంటే, రిటర్నులు జతచేయాలి. రాసినప్పుడు నా ఉద్దేశం అదే. నలుగురిలో ముగ్గురు ఎలా చదివారంటే: “స్వయం ఉపాధి అయితే జీఎస్టీ ఉండాలి, జీఎస్టీ ఉంటే రిటర్నులు ఉండాలి.” అంటే నమోదు అక్కర్లేని చిన్న కిరాణా కొట్టు ఆయన ఇంటికే. నాలుగో ఆవిడ, “బ్రాకెట్లు పెట్టి ఇవ్వండి, చెప్తాను” అన్నారు. ముగ్గురినీ తప్పు పట్టలేను. పైథాన్‌లో 1 < 2 < 3 ను అలాగే రెండు ముక్కలుగా చదువుతాం కదా.

దీనికి మందు ఉంది. 2020లో జావాస్క్రిప్ట్‌లోకి ?? (ఎడమవైపు విలువ లేకపోతే కుడివైపుది తీసుకునే గుర్తు) వచ్చినప్పుడు, దాన్ని || తోనో && తోనో బ్రాకెట్ లేకుండా కలిపితే సింటాక్స్ ఎర్రర్ అన్నారు. ఏది ముందు కట్టుకోవాలో వాదించుకునే బదులు, రాసేవాడి చేతే చెప్పించారు. సీ చేసిన తప్పు నుంచి ఎవరైనా పాఠం నేర్చుకున్నారంటే అది ఇక్కడే అని నా అభిప్రాయం. మేమూ అలాగే, ‘ఇంప్లైస్’ వరసగా రెండు రాకూడదు, ఇతర ఆపరేటర్లతో బ్రాకెట్ లేకుండా కలవకూడదు అని పెట్టుకోవచ్చు.

కాగితాల పరీక్షలోనే ఇంకొకటి బయటపడింది, ఇది మన తెలుగు తెచ్చిన తంటా. ఎనలిస్టుల దగ్గరికి నియమాలు మాటల్లో వస్తాయి. “రెండో సంతకం ఉంటే పాస్ చేయండి”, “రెండో సంతకం ఉంటేనే పాస్ చేయండి.” ఈ రెంటికీ తేడా ఒక్క ‘నే’. దాంతో బాణం దిశ తిరగబడుతుంది. మొదటిదాంట్లో సంతకం ఉండటం చాలు. రెండోదాంట్లో సంతకం తప్పనిసరి, కానీ అదొక్కటే చాలుతుందని కాదు. నోటిమాటలో మనం ‘ఉంటే’ అన్నా ‘ఉంటేనే’ అని వింటాం. హోంవర్క్ చేస్తే టీవీ అన్న అమ్మ, చేయకపోయినా టీవీ పెడుతుందని ఏ పిల్లాడూ అనుకోడు. ‘ఇంప్లైస్’ అని ఇస్తే ఎనలిస్టులు విన్న మాట వరసలోనే ఎడమ, కుడి నింపుతారు. పాత || లో ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే తిప్పి రాయడానికి ఓసారి ఆలోచించక తప్పదు. ఆ ఇబ్బందిలో అదో మేలు.

ఇక ఖాళీ గడులు. దరఖాస్తులో ఖాతా రకం నింపకుండా వదిలేస్తే ‘ఉమ్మడి’ విలువ ఏమిటి? మా భాషలో నిజం, అబద్ధం కాక ‘తెలియదు’ అని మూడోది ఉంది, డేటాబేసుల భాష ఎస్క్యూఎల్‌లో నల్ ఉన్నట్టే. ఎస్క్యూఎల్ వాడేవాళ్లకు ఈ మూడోదాని వంకర తెలుసు: వరసలను ఏరే ‘వేర్’లో తెలియదు అని వస్తే ఆ వరస బయటికి, డేటాను రానివ్వాలా వద్దా అని చూసే ‘చెక్’ కన్‌స్ట్రెయింట్‌లో అదే తెలియదు వస్తే లోపలికి. ఒకే జవాబు, రెండు తీర్పులు. ‘తెలియదు అయితే తెలియదు’ అన్నదానికి జవాబేమిటన్నది తర్కవేత్తల్లోనే తేలని మాట. 1920లో లుకాసియెవిచ్ మూడు విలువల తర్కం కట్టినప్పుడు దాన్ని నిజమన్నాడు. తర్వాత వచ్చిన క్లీనీ పద్ధతిలో అది తెలియదే. ‘ప అయితే క’ను !ప || క అని రాస్తే మనకు వచ్చేది క్లీనీ జవాబు. కొత్త ఆపరేటర్ పాతదానికి పొట్టి రూపమే అని చెప్పాలంటే ఇక్కడా క్లీనీ దారినే పోవాలి. అదే రాసుకున్నాం. దానిమీద పెద్దగా చర్చ కూడా జరగలేదు.

ఇంత అయ్యాక ఆపరేటర్ ఇచ్చేసేవాళ్లమే. ముసాయిదా సిద్ధం, కట్టుబాట్లు సిద్ధం. దాన్ని ఆపింది భాషల గురించి బొత్తిగా ఏమీ తెలియని ఒక పెద్దాయన.

క్లయింటు తరఫున ఆడిట్ చూసే సార్ ఆయన. వేరే పని మీద వచ్చి, ఒక దరఖాస్తు రిపోర్టు తిరగేస్తూ అడిగారు: “ఇది ఒక్కరి ఖాతా. రెండో సంతకం నియమం దగ్గర ‘పాస్’ అని ఉంది. లేని సంతకం ఎలా పాసైందండీ?”

ఎడమవైపు అబద్ధమైతే మొత్తం నిజమేనని, ట్రూత్ టేబుల్ (ఏవి నిజమైతే జవాబేమిటో చూపే పట్టిక) అంతేనని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “మీ టేబుల్ మీది. నాకు కావలసింది, ఈ దరఖాస్తుకు ఈ నియమం వర్తించిందా లేదా. వర్తించి పాసైతే నేను సంతకం కాపీ చూడాలి. వర్తించకపోతే చూడక్కర్లేదు. మీరు రెంటికీ ఒకటే మాట రాస్తే నేను ప్రతి ఫైలూ తెరవాలి” అన్నారు.

అప్పటికి నేను నెల రోజులుగా ఆ నాలుగు వరసల పట్టికనే చూస్తున్నాను. అందులో మూడు వరసలు ‘నిజం’ అంటాయి. ఆ మూడింట్లో రెండు, నియమానికి అసలు సంబంధం లేని కేసులు. మా సోమవారం గొడవంతా ఆ రెండు వరసల్లోనే జరిగింది. టెస్టులు రాయనిదీ వాటికే. ‘ఇంప్లైస్’ ఎంత చక్కగా పెట్టినా బూలియన్ ఆపరేటర్‌గా ఉన్నంతకాలం అది ఇవ్వగలిగేది నిజమో అబద్ధమో (లేదా తెలియదో). ‘వర్తించదు’ అన్న జవాబు దాని నోట రాదు.

ఇదే ప్రశ్నకు ఎడా భాష 2012లో ఓ జవాబిచ్చింది, దాన్ని నేను ముందే చదివి పక్కన పెట్టాను. ఆ వెర్షన్‌లో ప్రీకండిషన్లు (పిలిచే ముందే నిజమై ఉండాల్సిన షరతులు) వచ్చాయి, ‘అయితే’ అవసరం పడింది. వాళ్లు కొత్త ఆపరేటర్ పెట్టకుండా, ‘ఇఫ్’ను విలువనిచ్చే ఎక్స్‌ప్రెషన్‌గా రాయనిచ్చారు. బూలియన్ అయినప్పుడు ‘ఎల్స్’ వదిలేస్తే నిజం అని అర్థం. అది కూడా చివరికి బూలియనే, మా ఆడిట్ సార్‌కు సరిపోదు. కానీ షరతుకీ, కావలసినదానికీ వేర్వేరు చోట్లు ఉండాలన్న ఆలోచన అక్కణ్ణుంచే దొరికింది. మేం ఇంకో అడుగు వేసి, దాన్ని ఎక్స్‌ప్రెషన్‌లోంచి పూర్తిగా బయటికి తెచ్చాం:

వర్తింపు: ఉమ్మడి && మొత్తం > 500000
ఉండాల్సింది: రెండో_సంతకం

అసలు భాషలో ఇవి ‘వెన్’, ‘రిక్వైర్’ అనే రెండు కీవర్డులు. ఇది నియమం పైస్థాయిలోనే వస్తుంది, ఎక్స్‌ప్రెషన్ లోపలికి వెళ్లదు, ఒకదాంట్లో ఒకటి పెట్టడం కుదరదు. కాబట్టి ఎవరు ముందు కట్టుకోవాలన్న ప్రశ్నే రాదు. జవాబులు నాలుగు: వర్తించదు, సరి, తప్పు, తెలియదు.

టీమ్‌లో ఒకతను చివరిదాకా ఒప్పుకోలేదు, అతని వాదనలో బలం ఉంది. “జాబితాల సంగతేంటి? ప్రతి హామీదారూ ఉద్యోగి అయితే పేస్లిప్ ఉండాలి. అది ‘అన్నీ’ లోపల రావాలి. మీ రెండు లైన్లు అక్కడికి దూరవు.” నిజమే. దీనికోసం ‘అన్నీ’కి, ‘ఏదైనా’కి వడపోత చేర్చాం: ఉద్యోగులైన హామీదారులందరికీ పేస్లిప్ ఉండాలి అని. అలా చేస్తుంటే ఆపరేటర్ ఇవ్వకపోవడమే మంచిదనడానికి ఇంకో కారణం దొరికింది. ‘అన్నీ’ లోపల ‘ఇంప్లైస్’ బాగానే ఉంటుంది. అదే అలవాటుతో ‘ఏదైనా’ లోపల రాశారనుకోండి: ‘హామీదారుల్లో ఎవరైనా ఒకరు, ఉద్యోగి ఇంప్లైస్ పేస్లిప్.’ హామీదారుల్లో ఒక్క రైతు ఉంటే చాలు, ఆయన ఉద్యోగి కాడు కాబట్టి నియమం నిజం, ఎవరి పేస్లిప్పూ లేకుండానే పాస్. లాజిక్ పాఠం చెప్పే ప్రతి మాస్టారూ మొదటివారంలో దిద్దే తప్పు ఇది. మా దగ్గర దిద్దే మాస్టారు ఉండరు, లోన్ వెళ్లిపోతుంది.

అమలు సంగతి క్లుప్తంగా. గ్రామర్, ఫార్మాటర్, ఎడిటర్ రంగులు, రిపోర్టు: ఇందులో రిపోర్టే ఎక్కువ సమయం తిన్నది. ఒక పాత నియమంలో ‘వెన్’ అనే పేరుతోనే తేదీ గడి ఉంది, ఎవరు పెట్టారో. పైథాన్ 3.7లో ‘అసింక్’ను కీవర్డ్ చేసినప్పుడు ఆ పేరు వాడుకున్న లైబ్రరీలు ఎలా విరిగాయో గుర్తుండి, మా రెండు మాటల్నీ లైను మొదట్లో వచ్చినప్పుడే కీవర్డులుగా చూడమన్నాం.

పాత నియమాలను యంత్రంతో మార్చేద్దామనుకున్నాను. కుదరలేదు. !ఉమ్మడి || సంతకం అన్నదాన్ని ‘ఉమ్మడి అయితే సంతకం ఉండాలి’ అనైనా చదవొచ్చు, ‘సంతకం లేకపోతే ఖాతా ఉమ్మడిది కాకూడదు’ అనైనా చదవొచ్చు. నిజం, అబద్ధం లెక్కలో రెండూ ఒకటే. ‘వర్తించదు’ అని ఎప్పుడు రాయాలన్న లెక్కలో రెండూ వేరు. పైగా ‘పాన్ || ఫారం_60’ లాంటివి నిఖార్సైన ‘లేదా’లు. వాటిని ‘పాన్ లేకపోతే ఫారం 60’ అని మారిస్తే, పాన్ ఇచ్చినవాళ్లందరి రిపోర్టులోనూ ‘వర్తించదు’ అని పడుతుంది, ఆడిట్ సార్ మళ్లీ వస్తారు. కాబట్టి యంత్రం అనుమానం ఉన్నవాటిని చూపిస్తుంది, మార్చేది మనిషి. ఎనలిస్టులు రోజుకు కొన్ని చొప్పున మార్చారు. కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి.

మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటి వెర్షన్‌లో ‘వర్తింపు’ తెలియకపోతే, రెండో లైను చూడకుండానే ‘తెలియదు’ అని తేల్చేశాం. తెలియనివన్నీ మనిషి చూసే వరసలోకి వెళ్తాయి. ఖాతా రకం నింపలేదు, కానీ రెండో సంతకం చక్కగా ఉంది. ఉమ్మడి అయితే ఏంటి, కాకపోతే ఏంటి? ఎలాగైనా సరే కదా. పాత !ప || క ఆ కేసును చక్కగా పాస్ చేసేది, మేము దాన్ని మనుషుల మీద పడేశాం. రెండో వారానికే ఆ వరస పెరిగిపోయింది, అక్కడ కూర్చున్నవాళ్లకు టెన్షన్. ఇప్పుడు ‘ఉండాల్సింది’ నిజమని తేలితే, ‘వర్తింపు’ తెలియకపోయినా సరి అంటాం. క్లీనీ పట్టికలో ఉన్నది అదే. వదిలేసి, తిరిగి అక్కడికే చేరాం.

మేడమ్‌కు ఆపరేటర్ ఇవ్వనందుకు కోపం లేదు, రెండు లైన్లే నయమన్నారు. ఆ తర్వాత ‘లేకపోతే’ అని మూడో లైను కావాలన్నారు, వర్తించనప్పుడు ఇంకొకటి అడగడానికి. అది ఇంకా తేల్చలేదు. ఈలోగా, ఆపరేటర్ కావాలని వాదించిన సహోద్యోగి ఇంకో కోరిక పెట్టాడు: ^^, అంటే రెంటిలో సరిగ్గా ఒకటే నిజం కావాలనే గుర్తు. పెర్ల్‌లో 2024లో, 5.40 వెర్షన్‌లో చేర్చారని చూపించాడు. మూడు గుర్తింపు కార్డుల్లో ఒకటే ఇవ్వాలి, మూడింటి మధ్యా ^^ పెడతానన్నాడు. బోర్డు మీద మూడూ నిజమని రాసి, వరసగా కట్టి చూపమన్నాను. మొదటి రెండూ కలిస్తే అబద్ధం, దానికి మూడో నిజం కలిస్తే నిజం. మూడు కార్డులు ఇచ్చినవాడు పాస్. అతనే డస్టర్ తీసుకుని తుడిచేసి, ‘సరిగ్గా_ఒకటి’ అని ఫంక్షన్ రాసిమ్మన్నాడు. రాసిచ్చాను.